ఏకగ్రీవ మనశ్శాంతి

నల్లగండ్లలోని 'ప్రశాంత శిఖర' గేటెడ్ కమ్యూనిటీ నివాసులకు తెలియజేయునది ఏమనగా, సి బ్లాకులో ఉండే మధుకర్ గారి ఏకైక కుమార్తె వర్షిత, ఇంటర్మీడియెట్ ఎంపీసీలో మంచి మార్కులు, ఎంసెట్‌లో నలుగురిలో చెప్పుకోదగ్గ ర్యాంకు తెచ్చుకుని కూడా, సైకాలజీ చదువుతానన్నది. ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటూ అన్నది. అప్పటికి ఆ పిల్లకు జ్వరం లేదు. ఇంట్లో ఎవరితోనూ గొడవ పడలేదు. పల్లీ చట్నీ కూడా బాగానే కుదిరింది.

ఇలాంటి వార్తను ఎవరూ నోటీసు బోర్డులో పెట్టరు. పెట్టాల్సిన అవసరమూ లేదు. మధ్యాహ్నానికల్లా బి బ్లాకు వాళ్లు లిఫ్టులో కృష్ణప్రియ చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండమని చెప్పారు. కృష్ణప్రియ వర్షిత తల్లి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. తన కూతుర్ని కన్నదీ పెంచిందీ తానే కాబట్టి తప్పు ఎక్కడ దొర్లిందో ఎవర్నీ అడగలేక ఆమె నలిగిపోయింది.

మధుకర్ ఆధునిక తండ్రి. కూతురికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చానని ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్న మనిషి. ఆ స్వేచ్ఛ ప్రకారం వర్షిత కంప్యూటర్ సైన్స్ తీసుకోవచ్చు. అది నచ్చకపోతే కంప్యూటర్ సైన్స్‌లోనే కృత్రిమ మేధ తీసుకోవచ్చు. అదీ వద్దంటే డేటా సైన్స్ ఉంది, సైబర్ సెక్యూరిటీ ఉంది. మరీ మొండి పిల్లల కోసం ఐటీ అని విడిగా ఒక బ్రాంచి ఉంచారు. తలుపులు ఇన్ని తెరిచి పెడితే, పిల్ల కిటికీలోంచి దూకుతానంటుందని ఏ తండ్రి మాత్రం ఊహిస్తాడు?

మధుకర్ తల్లి సక్కుబాయి మాత్రం విషయాన్ని శాంతంగా పరిశీలించింది. ఆమెది ఖాజాగూడ. ఆ గుట్టల పక్కన అద్దాల మేడలు లేవకముందు అక్కడ బర్రెలు కాసిన మనిషి. పిచ్చి డాక్టరువైతవా అని మనవరాలిని అడిగింది. డాక్టర్ కాదు నానమ్మా, మందులియ్యను, మాట్లాడతానన్నది వర్షిత. ముసలామె కాసేపు ఆలోచించింది.

"మాట్లాడుడుకు పైసలిస్తరా? ఇన్నేండ్ల సంది నేను ఊకెనే మాట్లాడితి గదనే."

ఆ బాధ ఆమెకు చాలాకాలం పోలేదు.

ఇంతకీ వర్షితకు ఈ బుద్ధి పుట్టడానికి కారణం భానుశ్రీ. ఇంటర్‌లో ఇద్దరూ ఒకే కాలేజీ హాస్టల్‌లో, ఒకే గదిలో ఉండేవాళ్లు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. మీరు ఏది అనుకుంటే అదే. రెండో సంవత్సరంలో భానుశ్రీ ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. అన్నం కెలికి లేచిపోయేది. పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేది. యాజమాన్యం వెంటనే స్పందించింది. ఆ పిల్లను పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు మార్చింది. అప్పటికీ మాట్లాడకపోతే, ఒక వక్తను పిలిపించి, నిప్పుల మీద నడిచిన తన అనుభవం మైకులో చెప్పించింది. ఇంకా ఏం చేయాలో యాజమాన్యానికి తెలియలేదు. వర్షితకూ తెలియలేదు. అందుకని ఆదివారాలు బట్టలుతికేటప్పుడు ఊరికే ఆ పిల్ల పక్కన కూర్చుని, తనూ ఉతుక్కునేది. ఒక ఆదివారం భానుశ్రీ నురగలో చేతులు ఉంచుకునే మాట్లాడటం మొదలుపెట్టింది. బట్టలన్నీ ఆరిపోయే దాకా మాట్లాడింది. తర్వాత వాళ్ల అమ్మానాన్నలు వచ్చి ఇంటికి తీసుకుపోయారు, ఎవరికో చూపించారు, పిల్ల కుదుటపడింది. ఆ రోజు నుంచి వర్షితకు ఒకటే ఆలోచన. ఇంత పెద్ద హాస్టల్‌లో దోమలకు ఒక మనిషి ఉన్నాడు, జనరేటర్‌కు ఒక మనిషి ఉన్నాడు, దీనికి ఎవరూ లేరేమిటని.

ఇది విని మధుకర్ కదిలిపోయాడు. కదిలిపోయి, కూతుర్ని కొండాపూర్‌లో పార్థసారథి గారి దగ్గరికి తీసుకుపోయాడు.

పార్థసారథి గారు భవిష్యత్ శిల్పి. గుమ్మం మీద అలాగే రాసుంది. దాని కింద చిన్న అక్షరాల్లో 'మనో శాస్త్రవేత్త' అని కూడా ఉంది. అంతకుముందు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉండేవారు. ఆ కంపెనీ ఆయనకు ఎంచుకునే అవకాశం ఇవ్వకుండానే స్వేచ్ఛ ప్రసాదించాక, పిల్లల వేలిముద్రలు చూసి చదువులు చెప్పే యంత్రం కొన్నారు. వర్షిత పది వేళ్లూ అద్దం మీద పెట్టించారు. యంత్రం గుర్రుమని రంగురంగుల కాగితాలు కక్కింది. ఎడమ బొటనవేలిలో తర్కం, చిటికెన వేలిలో నాయకత్వం, కుడి చూపుడు వేలిలో కోడింగ్ పుష్కలంగా ఉన్నట్టు తేలింది. మనుషుల పట్ల ఆసక్తి ఉంగరం వేలిలో కొద్దిగా కనిపించింది కానీ, అది వయసుతో పాటు తగ్గిపోతుందని ఆయన భరోసా ఇచ్చారు.

"సర్, మీరు సైకాలజీ ఎక్కడ చదివారు?" అని వర్షిత అడిగింది. వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామని.

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ చూపించారు. శని, ఆదివారాల్లో, భోజనంతో సహా, ఒక హోటల్లో జరిగిన శిక్షణ.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మధుకర్ ముఖం వెలిగిపోయింది. "చూసినవా బిడ్డా? రెండు దినాల్ల అయిపోయేదానికి నువ్వు ఏండ్లకేండ్లు పెడతా అంటున్నవ్" అన్నాడు. కావాలంటే బీటెక్ చేసుకుంటూ ఏదో ఒక వారాంతం సైకాలజీ కూడా ముగించుకొమ్మని ఉదారంగా అనుమతి ఇచ్చాడు.

నిజానికి వర్షిత కూడా పూర్తిగా తేల్చుకోలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. అడ్డు చెప్పేవాళ్లు ఇంతమంది ఉంటే, తన అనుమానాలు తాను చూసుకోవడానికి తీరిక ఎక్కడిది? ఒక స్నేహితురాలి మాటలు విన్నంత మాత్రాన అది బతుకంతా చేయగలిగిన పనేనా? భానుశ్రీ బాగుపడినప్పుడు తనకు కలిగిన సంతోషంలో, తన గొప్పతనం చూసుకుని మురిసింది ఎంత? తోటివాళ్లంతా ఇంజినీరింగ్‌లో చేరి, క్యాంపస్ ఫొటోలు పెడుతుంటే తట్టుకోగలదా? ఈ ప్రశ్నలకు ఏ వేలిలోనూ జవాబు లేదు. అందుకని భానుశ్రీకి ఫోన్ చేసి, ఆ పిల్లను చూసిన సైకాలజిస్టు ఎవరో కనుక్కుంది. పేరు రజిత. గచ్చిబౌలిలో ఉంటారని భానుశ్రీ చెప్పింది. ఇంట్లో లైబ్రరీకి అని చెప్పి వర్షిత ఒక సాయంత్రం బయల్దేరింది.

గచ్చిబౌలిలో ఆఫీసు బస్సులు తిరిగే రోడ్డుకు కాస్త లోపలగా ఉందా భవనం. కింద టిఫిన్ సెంటర్, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు, రెండో అంతస్తులో రజిత. పళ్ల డాక్టరు బోర్డు వీధి చివరికి కనిపిస్తుంది. రజితకు బోర్డు లేదు. ఉండేదట. దాని కింద నిలబడటం ఇబ్బందిగా ఉందని వచ్చేవాళ్లంతా మొత్తుకుంటే తీసేశారు. ఇప్పుడు అక్కడికి వచ్చే ప్రతి ఒక్కరూ, వాచ్‌మన్ అడిగినా అడక్కపోయినా, పంటి కోసం వచ్చామనే చెబుతారు. సాయంత్రం పూట ఆ వీధిలో ఆగే కార్ల వరస చూస్తే, సైబరాబాద్ ఉద్యోగులు తమ పళ్లను ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారో అని ఎవరికైనా ముచ్చటేస్తుంది.

వర్షిత రెండో అంతస్తుకు వెళ్లి కుర్చీలో కూర్చుని తలెత్తితే, ఎదురుగా నారాయణప్ప కనిపించాడు.

నారాయణప్ప ప్రశాంత శిఖర నివాసుల సంఘానికి అధ్యక్షుడు. అనంతపురం వైపు నుంచి వచ్చి, ఇక్కడ భూములు కొని అమ్మి పెద్దవాడైన మనిషి. కమ్యూనిటీలో కుక్క మొరగాలన్నా ఆయన అనుమతి తీసుకుంటుందని అంటారు. ఆ మనిషి ఇప్పుడు చేతిరుమాలు చెంపకు అదుముకుని, గోడ మీద బొమ్మను తదేకంగా చూస్తున్నాడు. గోడ మీద బొమ్మ లేదు.

"ఏమ్మా, నువ్వు ఈడ?" అన్నాడు చివరికి.

చదువు సంగతి కనుక్కుందామని వచ్చానన్నది వర్షిత. మర్యాద కొద్దీ, మీరెందుకొచ్చారని అడిగింది.

"పన్ను నొప్పమ్మా."

"పళ్ల డాక్టరు కింది ఫ్లోర్ అంకుల్."

నారాయణప్ప సంఘం అధ్యక్షుడు ఊరికే కాలేదు. "ఆడ జనం చానా ఉండారు. పైన కూర్చుంటే పిలుస్తామన్యారు" అన్నాడు. ఇంతలో లోపలి నుంచి ఆయన్నే పిలిచారు. లేచి వెళ్లేటప్పుడు చేతిరుమాలు రెండో చెంపకు మారింది. చాలాసేపటికి బయటికి వచ్చినప్పుడు మాత్రం అది జేబులో ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వర్షిత వైపు చూడకుండా మెట్ల మీదుగా దిగిపోయాడు.

రజితకు నలభై దాటి ఉంటాయి. ఈ చదువు చదవమని ఆవిడ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. డిగ్రీ, ఆ తర్వాత పీజీ, రోగులను చూడాలంటే ఆపైన ఆసుపత్రిలో శిక్షణ ఉన్న మరో కోర్సు. దానికి సీట్లు బహు తక్కువ. ఇంజినీరింగ్ చదివిన స్నేహితులు ఇల్లు కొనే వయసుకు నువ్వింకా పరీక్షలు రాస్తూ ఉంటావన్నది. వచ్చేవాళ్లలో కొందరు ఒక్క పూటలో మొగుణ్ని బాగుచేసి ఇమ్మంటారు, మొగుడేమో బయట కారులో కూర్చుని ఉంటాడు. కొందరు సగంలో మానేస్తారు, ఎందుకో ఎప్పటికీ తెలియదు.

"బాగైనవాళ్లు రోడ్డు మీద కనబడితే తల తిప్పుకుంటరు. దానికి నొచ్చుకోకూడదు. వాళ్లకు నేను గుర్తు రాకపోవుడే నా పనికి వచ్చే మంచిపేరు" అన్నది రజిత. తర్వాత మామూలుగా అడిగింది. "బయట కూర్చున్నప్పుడు ఎవర్నన్న చూసినవా?"

వర్షిత తల అడ్డంగా ఊపింది. "ఎవర్నీ చూడలేదు మేడమ్."

"మంచిది. రేపు కూడా చూసి ఉండొద్దు. కష్టం అక్కడుంటది."

ఆ రేపు ఎంతో దూరం పోలేదు. ఆ వారాంతమే ప్రశాంత శిఖర క్లబ్‌హౌస్‌లో 'యువత భవిత - మన బాధ్యత' అనే అంశంపై ప్రత్యేక సమావేశం ఏర్పాటైంది. ఎవరి పేరూ ఎత్తకూడదని ముందే నిర్ణయించారు. కాబట్టి అందరూ పేరు ఎత్తకుండా వర్షిత వైపే చూశారు. మధుకర్, కృష్ణప్రియ రెండో వరసలో తలలు వంచుకుని కూర్చున్నారు. నారాయణప్ప తెల్లచొక్కాలో వేదిక ఎక్కాడు. ఇంటి భాష ఇంట్లో వదిలి, మైకు ముందు పేపర్ల భాష మాట్లాడటం ఆయన అలవాటు.

"సోదర సోదరీమణులారా! మన ప్రశాంత శిఖరలో ఈతకొలను ఉంది. వ్యాయామశాల ఉంది. ఇరవై నాలుగు గంటలూ జనరేటర్ సదుపాయం ఉంది. కరెంటే పోని చోట మనశ్శాంతి ఎట్లా పోతుంది? మానసిక సమస్యలనేవి నిర్వహణ సరిగా లేని అపార్టుమెంట్లలో వస్తాయి. రేపు మన గేటు లోపల ఒక సైకాలజిస్టు తయారైందనుకోండి. ఆ సైకాలజిస్టు ఉందంటే, రోగులు కూడా ఉన్నారనే కదా బయటివాళ్లు అనుకునేది? అప్పుడు మన ఫ్లాట్ల విలువ ఏం గావాల?"

చివరి వాక్యంలో ఆవేశం వల్ల భాష కొంచెం జారింది గానీ, చప్పట్లలో ఎవరూ గమనించలేదు. రోజూ పొద్దున ఆఫీసు బస్సు ఎక్కే ముందు లిఫ్టులో ఏడ్చి, గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేసరికి కళ్లు తుడుచుకునే 'ఏ' బ్లాకు ఆవిడ అందరికంటే గట్టిగా కొట్టింది. మానసిక సమస్యలు లేవనే తీర్మానాన్ని ప్రతిపాదించిన పెద్దమనిషి, ఇంటికి తాళం వేశానో లేదోనని అప్పటికే మూడుసార్లు పైకి వెళ్లి చూసి వచ్చాడు. బలపరిచిన యువకుడికి నిద్ర పట్టక చాలాకాలమైంది. అందువల్లే సంఘం పనులకు అతని దగ్గర బోలెడంత సమయం ఉంటుంది.

అప్పుడు కార్యదర్శికి ప్రజాస్వామ్యం గుర్తొచ్చింది. తీర్మానం ఖాయం చేసేముందు యువత అభిప్రాయం కూడా వినాలన్నాడు. మైకు వర్షిత చేతికి వచ్చింది.

ఆమె లేచి నిలబడింది. చెప్పడానికి ఒకే ఒక్క వాక్యం ఉంది. చిన్న వాక్యం. అది చెబితే తీర్మానం అక్కడే కూలిపోతుంది, తండ్రి తలెత్తుకుంటాడు, చప్పట్లు కొట్టిన చేతులన్నీ నోళ్ల మీదకు వెళ్తాయి. ఆ వాక్యం నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. వర్షిత వేదిక మీదికి చూసింది. నారాయణప్ప ముఖంలో రక్తం లేదు. జేబులోంచి చేతిరుమాలు తీశాడు. దాన్ని ఏం చేయాలో తోచక పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి, చిన్న క్లాసులో తప్పుచేసి దొరికిన పిల్లాడిలా ఉన్నాడు.

"నాకు చెప్పడానికేం లేదు" అని మైకు ఇచ్చేసి కూర్చుంది.

మౌనం అంగీకారంగా నమోదైంది. ప్రశాంత శిఖరలో మానసిక సమస్యలు లేవనీ, ఇకముందు కూడా ఉండబోవనీ సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానం ప్రతిని లిఫ్టులో, అద్దం పక్కన అంటించారు. కూతురికి బుద్ధి వచ్చిందని కృష్ణప్రియ ఊపిరి పీల్చుకుంది. మంచిపని చేస్తే మనసు తేలికవుతుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. వర్షితకు మనసేమీ తేలిక కాలేదు. ఇదే పని బతుకంతా చేయాలంటే తనవల్ల కాదేమోనని మొదటిసారి అనిపించింది. పోనీలే, కంప్యూటర్ సైన్సే తీసుకుందామని కూడా ఆ పూట అనుకుంది.

అలా అనుకున్న కొద్ది రోజులకు, ఒక సాయంత్రం పాల ప్యాకెట్ కోసం స్కూటీ తీయడానికి సెల్లార్‌లోకి దిగింది. అప్పుడే ఫోన్‌లో తండ్రి మెసేజ్ వచ్చింది, ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని. వర్షిత తలెత్తి చూస్తే ఆయన కారు వాళ్ల పార్కింగ్ స్తంభం పక్కనే ఆగి ఉంది. ఇంజిన్ ఆపేసి ఉంది. మధుకర్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నాడు. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది.

వర్షిత రెండో వైపు తలుపు తీసి లోపల కూర్చుంది. మధుకర్ ఉలిక్కిపడ్డాడు గానీ, ట్రాఫిక్ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

కాసేపటికి ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. కంపెనీ కొంతమంది ఉద్యోగులను కొత్త అవకాశాల వైపు సాగనంపాలని నిర్ణయించింది. సాగనంపే పని మధుకర్‌కు ఇచ్చారు. కంపెనీకి మానవత్వం ఎక్కువ కాబట్టి, ముందుగా మేనేజర్లందరికీ సానుభూతిలో శిక్షణ ఇప్పించింది. ఏం మాట్లాడాలో ముద్రించి ఇచ్చింది. 'మీ బాధ నాకు అర్థమవుతోంది' అన్న వాక్యం తర్వాత రెండు సెకన్లు ఆగాలని అందులో ఉంది. మధుకర్ ఎక్కడా తప్పు పోకుండా చదివాడు. బాగా చదివాడని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు శ్యామ్ వంతు వచ్చింది. శ్యామ్, మధుకర్ ఒకేసారి ఉద్యోగంలో చేరినవాళ్లు. వర్షిత పేరు పెట్టిన పండుగకు వంటవాళ్లు రాకపోతే గరిటె పట్టింది శ్యామే.

"మొత్తం చదివిన బిడ్డా. ఆగమన్న కాడ ఆగిన. గాడు ఏమనలే, అంతా విన్నడు. విని..." మధుకర్ ఐడీ కార్డును గుప్పిట్లోకి తీసుకున్నాడు. "విని, 'చదువుడు అయిపోయిందా అన్నా? జర నీళ్లు తాగు' అన్నడు."

ఆయన భుజాలు కదిలాయి. తండ్రి ఏడవగా వర్షిత అంతకుముందు చూడలేదు. నీ తప్పేముంది డాడీ అనాలనిపించింది. శ్యామ్ అంకుల్‌కు ఇంకో ఉద్యోగం వస్తుందిలే అనాలనిపించింది. పైకి పోదాం పద, అమ్మ ఎదురుచూస్తోంది అనాలనిపించింది. ఒక్కో మాటా నోటి దాకా వచ్చింది, ఒక్కోదాన్నీ వెనక్కి పంపింది. అలా కూర్చుని ఉంది, అంతే. ఎవరిదో కారు వచ్చి, లైట్లు వాళ్ల ముఖాల మీదుగా తిరిగి, పక్కన ఆగి, మనిషి దిగిపోయాడు. చాలాసేపటికి మధుకర్ ఐడీ కార్డు పట్టీతో ముఖం తుడుచుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. నాలుగు రోజులుగా తినాలనిపించలేదనీ, ఇప్పుడు ఆకలవుతోందనీ అన్నాడు.

లిఫ్టు ఎక్కేసరికి ఆయనలో మేనేజరు తిరిగొచ్చాడు. తీర్మానం అంటించిన అద్దంలో జుట్టు సరిచేసుకుంటూ, "మంచిగ వింటవ్ బిడ్డా నువ్వు. గిట్ల వినేటోళ్లు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ల దొరుకుతలేరు" అన్నాడు.

ఇంజినీరింగ్ కాలేజీలకు వెబ్ ఆప్షన్లు పెట్టే గడువు దగ్గరపడింది. ఒక పొద్దున నారాయణప్ప మధుకర్ ఇంటికి వచ్చాడు. సోఫాలో నిటారుగా కూర్చుని, కాఫీ ముట్టకుండా, మైకు లేకపోయినా మైకు ఉన్నంత గట్టిగా, ఇంటి భాషలోనే మాట్లాడాడు.

"మధుకర్, నేను బాగా ఆలోచన చేసినా. మన కమ్యూనిటీలో సమస్య లేదు. తీర్మానం గూడా అయిపోయె, దాంట్లో మార్పు లేదు. కానీ గోడ అవతల ఇంకో కమ్యూనిటీ ఉండాది సూడప్పా. వాళ్లు మనుషులే గదా? వాళ్లకి మనసు బాగలేకుంటే దిక్కెవరు? మన బిడ్డలు సదువుకొని, పక్కోళ్లకి సేవ చేయాల. సంఘం తరఫున నాకేమీ అభ్యంతరం లేదు."

ఇంత విశాల హృదయం మధుకర్ ఊహించలేదు. వర్షిత ఆయన్ను సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ, లిఫ్టు వచ్చేలోపు, నారాయణప్ప గొంతు సగానికి తగ్గింది. కొడుకు దినేష్, తను ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోక రెండేళ్లు దాటిందన్నాడు. ఏదైనా కావాలంటే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటారట.

"నిన్న మావాడు 'కాఫీ తాగినావా నాయినా' అన్యాడమ్మా. నోటితో అన్యాడు."

లిఫ్టు వచ్చింది. నారాయణప్ప అధ్యక్షుడై లోపలికి అడుగుపెట్టాడు.

మధుకర్ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. కాలేజీల వరస సిద్ధంగా ఉంది. ఒక్క నొక్కు నొక్కితే వర్షిత నాలుగేళ్లు ఖాయమవుతాయి. ఆయన వేలు నొక్కలేదు.

"ఆ దినం కార్ల నువ్వు ఒక్క మాట అనలే. ఎందుకు?" అన్నాడు.

వర్షిత ఆలోచించుకుని చెప్పింది. "చాలా అనాలనిపించింది డాడీ. ఏదన్నా అంటే నా పానం నిమ్మలమయ్యేది, నీది కాదు. అందుకే ఆపుకున్న. మస్తు కష్టమైంది. క్లబ్‌హౌస్‌ల కూడా అంతే. నాకు సరిగ్గ చేతకాదు. మంచిగ చేసుడు ఎట్లనో నేర్చుకుంటా."

క్లబ్‌హౌస్‌లో ఏం ఆపుకుందో మధుకర్ అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. ఆయన చాలాసేపు ఊరుకున్నాడు. ఇక్కడ ఎంతసేపు ఆగాలో ఆయనకు ఎవరూ రాసివ్వలేదు. చివరికి ల్యాప్‌టాప్ మూసేశాడు.

"మీ మమ్మీకి నువ్వే చెప్పు" అన్నాడు.

కృష్ణప్రియ అంతా విన్నది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉంటాయా అని ఒకసారి అడిగింది, జవాబు వినకుండా వంటింట్లోకి వెళ్లింది. ఇంటి నుంచే వెళ్లిరావాలి, హాస్టల్ వద్దు అని లోపలి నుంచి ఒక షరతు వినిపించింది. అది అంగీకారమని ఇంట్లో అందరికీ అర్థమైంది. కూతురు 'హ్యూమన్ బిహేవియర్ అనలిటిక్స్' చదువుతోందని మధుకర్ ఆఫీసులోనూ, కమ్యూనిటీలోనూ ప్రకటించాడు. చివర అనలిటిక్స్ అని ఉంది కాబట్టి, మొదటి రెండు మాటల జోలికి ఎవరూ పోలేదు. మంచి స్కోప్ ఉందని అందరూ అభినందించారు.

వర్షిత ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఉంది. మనుషుల మనసులు చెబుతారనుకుంటే, మెదడు బొమ్మలు గీయిస్తున్నారు, లెక్కల శాస్త్రం చెబుతున్నారు. తెలిసింది గోరంత. అయినా ఆమె ఫోన్ మోగుతూనే ఉంటుంది. లిఫ్టులో, వాకింగ్ ట్రాక్ మీద, కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరు ఆపుతూనే ఉంటారు. నేనింకా విద్యార్థినిని, ఫలానా చోట రజిత మేడమ్ ఉన్నారు, అక్కడికి వెళ్లండని ఆమె అందరికీ చెబుతుంది. అలా అడిగినవాళ్లలో ఒక్కరికి కూడా, తీర్మానంలో చెప్పినట్టే, ఏ సమస్యా లేదు. పాపం, వాళ్ల ఫ్రెండ్‌కి నిద్ర పట్టడం లేదు. వాళ్ల ఫ్రెండ్‌కి ఉదయం లేవాలంటే భయం. వాళ్ల ఫ్రెండ్ ఊరికే ఏడుస్తోంది. సైబరాబాద్ మొత్తంలో అందరూ క్షేమంగా ఉన్నారు, ఒక్క ఆ ఫ్రెండ్ తప్ప. ఇంతమంది మనశ్శాంతి బరువంతా ఒక్క మనిషి ఎలా మోస్తున్నదో తలచుకుంటే వర్షితకు జాలేస్తుంది.

ఈ కథ మీరు ఏదో కాలక్షేపానికే చదివారని మాకు తెలుసు. మీకు అవసరం లేదనీ తెలుసు.

ఇంతకీ, మీ ఫ్రెండ్‌కి ఇప్పుడెలా ఉంది?